లేత పాలకూర

ఇంటికి సర్జన్ చేప రాకముందు పాలకూర కట్టలోని లేత ఆకులన్నీ నీరజ పప్పులోకే పోయేవి. ఇప్పుడు భర్త వరప్రసాద్ బ్యాంకు నుంచి రాగానే చేతులు కడుక్కుని, కట్ట విప్పి, లేతవన్నీ దానికి ఏరిపెట్టేస్తాడు. ముదురాకులూ కాడలూ ఆమెకు. చేప మేతకని ముంబయి నుంచి రావలసిన ఎండు సముద్రపు నాచు కరోనాతో ఆగిపోయింది మరి.

అడాజన్ ప్రాంతంలోని వాళ్ల ఫ్లాటులో హాలు గోడ పొడవునా గాజు తొట్టి. అందులో జానెడున్నర నీలం చేప. తోక మొదట్లో డాక్టరు కత్తిలాంటి ముల్లు. తొట్టి నీళ్లలో ఉప్పు రెండుసార్లు కొలిచే మనిషి, కూరలో ఉప్పు మర్చిపోతే మాత్రం పట్టించుకోకుండా తినేసి లేచేవాడు. పైగా దాన్ని "బంగారం" అని పిలిచేవాడు. పెళ్లయిన కొత్తలో ఆ పిలుపు నీరజది.

ఫోన్లో తల్లి లలితమ్మ నవ్వింది. "నోరు లేని సవతి దొరికింది. ఇంకేం కావాలే నీకు?"

"నోరు లేకపోవడమేంటమ్మా, రోజంతా మేస్తూనే ఉంటే!"

రెండో వేవ్‌లో వరప్రసాద్‌కి కరోనా వచ్చింది. బెడ్‌రూమ్ తలుపు మూసుకున్నాడు. గుమ్మం దగ్గర కంచం పెట్టి ఆమె పక్కకు జరిగితే, లోపలి నుంచి దగ్గుతూ మొదటి మాట, "బంగారం తిన్నదా?"

"నేనింకా తినలేదు" అంది నీరజ.

"సరే, దానికి పెట్టేసి నువ్వూ తిను."

ఆకలితో మాడనిద్దామన్న కోపంతోనే తొట్టి ముందు కూర్చుంది. చేప గాజు దగ్గరకొచ్చి ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఈ ఇంట్లో తనను అంతసేపు చూసినవాళ్లెవరూ లేరు. లేచి లేతాకు తెచ్చి పెట్టింది. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి అది ఆమె వేళ్ల మధ్య నుంచే తినసాగింది.

చివరికి వరప్రసాద్ బయటికొచ్చాడు. చిక్కిపోయాడు. ఆమెకు అంటకూడదని ముఖానికి రెండు మాస్కులు. ఆమె కాఫీ గ్లాసుతో ఎదురొస్తే, దాటుకుని తొట్టి దగ్గరికెళ్లాడు.

"బంగారం! నేనే, వచ్చేశా!"

ఆకు ముంచాడు. చేప చటుక్కున వెనక్కి తిరిగి, తోక ముల్లు విప్పి, రాయి చాటుకు పోయింది.

"అరే, ఏమైంది దీనికి?"

నీరజ గ్లాసు పెట్టి అతని చేతిలోని ఆకు తీసుకుంది. చేప బయటికొచ్చి, ఆమె వేళ్లను రాసుకుంటూ తినేసింది.

వరప్రసాద్ చేపను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు, ఆపకుండా, మాస్కు పైనుంచి కళ్లు చిట్లించి. "నీ దగ్గరికి వస్తోందే! ఏం మందు పెట్టావ్?"

మాస్కులు తీసి ఒక్కసారి దానికి ముఖం చూపించండి అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. సోమవారం పాలవాడు మాస్కుతో గుమ్మంలోకి వస్తే అది ఇలాగే బెదిరి రాయి చాటుకు పోవడం ఆమె చూసింది.

"ఏమో మరి" అంది. "ఇక నుంచి దానికి నేనే పెడతాలెండి. మీరు కూర్చుని కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

సాయంత్రం పాలకూర కట్ట తనే విప్పింది. లేతాకుల్లో సగం చేపకు తీసి, మిగతా సగం తన పప్పులో వేసుకుంది.