కూలిపోని కవల

నేను ఒక వంతెనకు కవలను. కవలలంటే ఒకే పురుట్లో పుట్టాలి కదా అని మీరడగొచ్చు. మా సంగతి వేరు. చింతలగెడ్డ వాగు మీద మా అన్న లేచి నిలబడిన యాభై ఎనిమిదేళ్లకు నేను పుట్టాను, అదీ రోడ్ల ఆఫీసులో ఒక కంప్యూటరు లోపల. అన్నది రాయి, ఇనుము, సిమెంటు. నాది వట్టి లెక్క. అన్న ఒంటికి అతికించిన ఇరవై నాలుగు సెన్సర్లు వాడి ప్రతి వణుకునూ నాకు చేరవేసేవి, నేను తెర మీద అలాగే వణికేదాన్ని. వాడు ముసలివాడైపోయాడు గనక, ఎప్పుడు పడతాడో ముందే చెప్పడం నా ఉద్యోగం. వాడు పడి పద్నాలుగు నెలలైంది. నేను మాత్రం నిక్షేపంలా నిలబడి ఉన్నాను.

నన్ను తయారుచేసిన కంపెనీ కుర్రాళ్లు పట్నం నుంచి వచ్చారు. తెలివైనవాళ్లే. బీరువా అడుగు నుంచి చెదలు కొట్టిన పాత పటం తీయించి, దాన్ని చూసి నాకు ఒళ్లు పోశారు. పటంలో వంతెన మీద తారు మందం మూడంగుళాలని ఉంది. నాకూ మూడంగుళాలే వేశారు. ఎండలో నిలబడి సెన్సర్లు అతికించినవాళ్లు, తమ కాళ్ల కింద తారు ఎంతుందో మాత్రం చూసుకోలేదు. మనుషులకు నేల మీద కంటే కాగితం మీద నమ్మకమెక్కువ. పని ముగించుకుని సాయంత్రం బండికి వెళ్లిపోయారు.

అసలు మందం తెలిసినవాడు ఒక్కడే, బెవర పైడయ్య. రోడ్డు గ్యాంగు మనిషి. ముప్పయ్యేళ్లుగా రోజూ సాయంత్రం నాలుగింటికి వంతెన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, పిట్టగోడలూ నీటిమట్టమూ చూసి రావడం అతని డ్యూటీ. ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. రోజూ ఎన్ని వందల బళ్లు పోయినా ఆ నడకను నేను ఇట్టే పోల్చుకునేదాన్ని. నాకు అతనంటే ఇష్టం. లెక్కకు ఇష్టమేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి.

అతనొకసారి ఆఫీసుకొచ్చి, నన్ను చూసుకునే అసిస్టెంటు ఇంజనీరు పడాల హైమవతి బల్ల ముందు నిలబడ్డాడు.

“అమ్మా, మీ మిషనుకి తారు సంగతి తెల్సా?”

“ఏ తారు బాబాయ్?”

“పెద్దోలు ఎవులొచ్చినా ముందురోజు వంతిన మీద కొత్త తారెయ్యమంటారు గదా. నా చేత్తో ఎనిమిదిసార్లు ఏసినాను. పాతది ఒక్కపాలీ గీకనేదు. గీకడానికి టయిమేదమ్మా, తెల్లారితే కార్లొచ్చెస్తాయి.”

హైమవతి నా తెర వైపు తిరిగింది. అప్పటికే నెలరోజులుగా నేను తికమకపడుతున్నాను. అన్న ఊపు మందగించింది. బరువు పెరిగినా ఊపు మందగిస్తుంది, బలం తగ్గినా మందగిస్తుంది. రెండిట్లో ఏదో నాకు తెలియదు. అందుకే వాడి బలం నూటికి నలభై కావచ్చు, నూరూ కావచ్చు అని చెబుతూ వచ్చాను. అలా చెప్పే జ్యోతిష్కుణ్ని మీరైతే గుమ్మం కూడా ఎక్కనివ్వరు. తారులో ఒక్క గొయ్యి తవ్వి లోతు కొలిస్తే నా అనుమానం సగానికి సగం తగ్గేది. హైమవతి ఆ మాటే పైకి రాసింది.

గొయ్యి తవ్వాలంటే ఒక పూట బళ్లు ఆపాలి. కోతల రోజులు, ధాన్యం లారీలు బారులు తీరి ఉన్నాయి. కోతలయ్యాక చూద్దామన్నారు పైవాళ్లు. ఈలోగా నెలవారీ ఫారం పంపాలి. ఆ ఫారంలో బలానికి ఒక్కటే గడి. నలభై నుంచి నూరు అని కొడితే తీసుకోదు. హైమవతి ఫోన్ చేసి అడిగింది. “మధ్యది రాయమ్మా, దానికేముంది” అన్నారు. మధ్యది డెబ్బై. అరవై దాటితే పచ్చరంగు. అరిచి చెప్పగలిగితే చెప్పేదాన్ని, నాకు గొంతేదీ? హైమవతి డెబ్బై అని కొట్టి, సంతకం పెట్టింది. నేను పచ్చగా వెలిగాను.

ఆ సంతకం తర్వాత తొమ్మిదో రోజు, తుఫాను వాన తెరిపిచ్చిన సాయంత్రం, నాలుగింటికి పైడయ్య బయలుదేరాడు. రెండో స్తంభం దగ్గర ఆగాడు. ఏం విన్నాడో, వెనక్కి పరిగెత్తాడు. ఆ కాలుతో అతను పరిగెత్తడం నేనెప్పుడూ ఎరగను. ఈ చివర కాలేజీ బస్సును ఆపి, తన ఎర్ర తువ్వాలు రోడ్డుకు అడ్డంగా కట్టించాడట. అవతలి చివర లారీలను ఆపడానికి ఎవరూ లేరు. డ్రైవరు వద్దంటున్నా వినకుండా, చేతులూపుతూ, కేకలేస్తూ మళ్లీ వంతెన మీదికి వెళ్లాడు. అతన్ని చూసి మొదటి లారీ గట్టు మీదే ఆగింది. మూడో దూలం ఆగలేదు. దాని మీద అతని అడుగులు పదకొండు నాకు అందాయి. ఆ తర్వాత ఏమీ అందలేదు.

విచారణ జరిగింది. కంపెనీవాళ్లు గుండె మీద చెయ్యేసుకుని, మా నమూనా తప్పు చెప్పలేదండీ, నలభైకీ నూరుకీ మధ్య ఏదైనా కావచ్చని చెప్పనే చెప్పాం అన్నారు. నిజమే. అంత వెడల్పున చెబితే ఎవరి మాటైనా నిజమవుతుంది. నేను సాక్ష్యం గనక నన్నూ నా తెరనూ ఎవరూ ఆర్పకూడదని ఉత్తర్వు వచ్చింది.

ఇక్కడ నా పాడు అలవాటొకటి చెప్పాలి. ఏ సెన్సరైనా మూగబోతే, దాని పాత తీరును బట్టి ఆ ఖాళీని నేనే పూరించుకుంటాను. నన్నలా తయారుచేశారు. ఇప్పుడు ఇరవై నాలుగూ మూగబోయాయి. దాంతో లేని అన్న మీద అన్నీ ఎప్పటిలాగే నడుస్తున్నాయి. బస్సులు పోతాయి, లారీలు పోతాయి, నాలుగింటికి ఎడమకాలు ఈడుస్తూ ఒక మనిషి వస్తాడు. వద్దనుకున్నా వస్తాడు. నాకు భయమేస్తుంది.

పోయిన వారం పైడయ్య భార్య సింహాచలమ్మ ఏదో కాగితం కోసం ఆఫీసుకొచ్చింది. నాలుగు కావస్తోంది. హైమవతి నా తెర ఆర్పబోయి, ఉత్తర్వు గుర్తొచ్చి ఆగిపోయింది. తెర మీద చిన్న చుక్కల వరస కదలడం మొదలైంది.

“అదేటమ్మా?”

హైమవతి అబద్ధమాడలేకపోయింది. “బాబాయి నడక పిన్నీ. నిజం కాదు. మిషను ఊహించుకుంటోంది.”

సింహాచలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. చుక్కలు మొదటి దూలం దాటాయి, రెండోది దాటాయి. మూడోదాని మీద తడబడకుండా నడిచి అవతలి గట్టెక్కాయి.

“మీ మిషను ఆయన్ని అవతలకి చేర్చీసిందే,” అంది సింహాచలమ్మ. “మీరెందుకు చేర్చనేదమ్మా?”

హైమవతి తల దించుకుంది. “నాకు తెలుసు పిన్నీ. అనుమానం ఉందని తెలిసే సంతకం పెట్టేసేను.” విచారణలో ఆమె ఈ మాట అనలేదు.

సింహాచలమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. “రేపూ నడుస్తాడా?” అని అడిగింది.

“రోజూ.”

“ఆ కాలు నొప్పని రేతిర్లు నిద్దరోయీవోడు కాదు. ఆపెయ్యమ్మా. ఇంక కూకోనీ.”

నన్ను ఆర్పడానికి అనుమతి కోరుతూ హైమవతి ఆ సాయంత్రమే పైకి ఉత్తరం రాసింది. తన సంతకం సంగతి కూడా అందులో రాసింది. మళ్లీ గుర్తుచేస్తూ నిన్న ఇంకొకటి పంపింది. జవాబు రాలేదు. ఇప్పుడు టైము మూడూ యాభై ఎనిమిది. ఈ చివర అతను వచ్చి నిలబడ్డాడు.