నడవలో ఆగిన లిఫ్టు

నేను ఒక టెక్స్ట్ ఫైలును. 2015 ఆగస్టులో ఒక మంగళవారం ఉదయం, హైదరాబాదు బాలానగర్‌లో లిఫ్టులు తయారుచేసే ఒక కంపెనీలో పుట్టాను. అంతకు ముందు రోజు సాయంత్రం అక్కడి తెల్లబోర్డు మీది బొమ్మను ఎవరో తుడిచేశారు.

ఆ బొమ్మలో లిఫ్టు నడత అంతా ఉండేది. ఆగి ఉండటం ఒక డబ్బా, తలుపు తెరవటం ఒక డబ్బా, కదలటం ఒక డబ్బా. ఏం జరిగితే ఏ డబ్బాలోంచి ఏ డబ్బాలోకి వెళ్లాలో చెప్పే బాణాలు. బోర్డు మూల 'తుడవొద్దు' అని రాసి ఉంది. తుడిచిన మనిషి ఆ మూలను మాత్రం తుడవలేదు.

డిజైన్ ఇంజినీరు సువర్చల వచ్చి బోర్డును చూసి బ్యాగు కింద పెట్టింది. మేనేజరు కోదండపాణి ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆయనది అనంతపురం వైపు.

"మళ్లా గీయమ్మా. అరగంట పని" అన్నాడు.

"గీయను సార్, రాస్తాను. రాసినదాన్ని ఎవరైనా చెరిపితే ఎవరు చెరిపారో కంప్యూటరు చెబుతుంది."

"బొమ్మను ఎట్లా రాస్తావు?"

"బొమ్మను కాదండీ. లిఫ్టు ఏం చేయాలో రాస్తాను. బొమ్మ దానంతట అదే వస్తుంది."

అలా నన్ను రాసింది. నా భాష చిన్నది. రెండు పేర్లు, వాటి మధ్య ఒక బాణం, పక్కన ఒక షరతు. 'ఆగి ఉంది' నుంచి 'తలుపు తెరుస్తోంది'కి, బటన్ నొక్కితే. ఇది నా మొదటి లైను. మిగతావన్నీ ఇదే తీరు. నన్ను ఒక సాఫ్ట్‌వేరుకు ఇస్తే బొమ్మ గీస్తుంది. ఇంకోదానికి ఇస్తే లిఫ్టును నడిపే ప్రోగ్రాము తయారుచేస్తుంది. ఆ ప్రోగ్రాము ఒక ఇనప పెట్టెలో కూర్చుని లిఫ్టుతో పాటు ఊళ్లకు వెళుతుంది. ఆఫీసుకు వచ్చినవాళ్లు బొమ్మను చూసి బాగుందనేవారు. ప్రోగ్రాము నడిస్తే బాగుందనేవారు. నన్ను తెరిచి చూసినవాళ్లు మాత్రం "ఇంతేనా" అనేవారు.

సువర్చల ఒక అలవాటు పెట్టింది. పెట్టె బయటి ఊరికి వెళ్లే ముందు అందరూ నడవలోకి వచ్చి లిఫ్టు ఆడాలి. క్యాంటీను తలుపు కింది అంతస్తు. స్టోరు తలుపు మొదటిది, మీటింగు గది రెండోది, నోటీసు బోర్డు మూడోది. ఒకరు లిఫ్టు. ఒకరు బటన్లు నొక్కుతారు, అంటే నొక్కానని నోటితో చెబుతారు. ఇంకొకరు నాలోంచి ఆ పనికి తగిన లైను వెతికి పైకి చదువుతారు. లిఫ్టుగా నిలబడ్డవాళ్లు చదివింది చేయాలి. చదవనిది చేయకూడదు. తలుపులు తెరవమంటే చేతులు చాపాలి, మూయమంటే దగ్గరికి తేవాలి. చదువుకున్నవాళ్లు చేతులు చాపుకుని నడవలో తిరుగుతుంటే క్యాంటీనువాళ్లు గుమ్మంలోకి వచ్చి చూసేవారు. బొమ్మను ఇలా చదవలేరు. నన్ను చదవగలరు. అది నాకు నచ్చేది.

మూడేళ్లకు సువర్చలను పై అంతస్తులో శిక్షణ విభాగానికి మార్చారు. నేను నరహరి చేతికి వచ్చాను. అమలాపురం మనిషి. టేబులు మీద పెన్నులు కూడా ఒకే వైపు చూస్తూ ఉండాలి ఆయనకు. నా వల్ల ఆయనకు ఒక కష్టం ఉండేది. బొమ్మలో ఏ బాణం ఎటు పోవాలో నాలో రాయరు, సాఫ్ట్‌వేరు తనకు తోచినట్టు గీస్తుంది. ఒక బాణం బొమ్మకు అడ్డంగా, మిగతా బాణాలన్నిటినీ దాటుకుంటూ పోయేది. నరహరి నా లైన్లను కిందివి పైకి, పైవి కిందికి మార్చి చూశాడు. బాణం చోటు మార్చుకుంది కానీ అడ్డం తొలగలేదు. లిఫ్టు ఆట కూడా ఆయన మానిపించాడు. నడవలో చేతులు చాపుకుని నిలబడటం ఆయన వల్ల కాలేదు.

2019 డిసెంబరులో జనగామలోని ఒక కాన్పుల ఆసుపత్రి నుంచి ఆర్డరు వచ్చింది. ఆసుపత్రివాళ్లు బొమ్మను పెద్ద కాగితం మీద అచ్చు వేయించి ఇమ్మన్నారు, లిఫ్టు గదిలో గోడకు పెట్టుకుంటామని. నరహరి ఆ అడ్డబాణం లైను ముందు ఒక గుర్తు పెట్టాడు. లైను ముందు ఆ గుర్తు ఉంటే రెండు సాఫ్ట్‌వేర్లూ దాన్ని లేనట్టే వదిలేస్తాయి. అచ్చు అయ్యాక తీసేద్దామనుకున్నాడు. అచ్చు బాగా వచ్చింది. ఒక్క బాణం కూడా ఇంకోదాన్ని దాటలేదు. ఆయన ఆ కాగితాన్ని అందరికీ చూపించి వచ్చాడు. గుర్తు అలాగే ఉండిపోయింది. పెట్టెలోకి వెళ్లే ప్రోగ్రామును ఆ వారమే నా నుంచి తయారుచేశారు.

పెట్టెను తీసుకెళ్లి బిగించాల్సింది ఇస్మాయిల్. జనగామ ఆయన సొంత ఊరు. వచ్చి నరహరి టేబులు దగ్గర కూర్చున్నాడు.

"సారూ, లిఫ్టు ఆడిన్రా?"

"అది మానేశామండి ఇస్మాయిల్ భాయ్. పరీక్షల టవర్లో లిఫ్టు నడిపి చూశాం, చాలు."

"టవర్ల ఏం జూసిన్రు?"

"కొత్తగా మార్చినవన్నీ చూశాం."

"మార్చనియి?"

"మార్చనివి ఎందుకు చూస్తామండి, ఏళ్ల తరబడి నడుస్తుంటేను?"

ఇస్మాయిల్ కుర్చీని ఇంకొంచెం ముందుకు లాక్కున్నాడు. "మా బిడ్డ షబానాకు ఎనిమిదో నెల. కాన్పు గా దవాఖాన్లనే. కాన్పుల గది మూడో అంతస్తుల. మీరు ఆడితెనే పెట్టె తీస్కవోత. లేకుంటె పెట్టె గిక్కడ్నే ఉంటది, నేను బస్సెక్కి ఇంటికి వోత."

అని ఊరుకోలేదు. పైకి వెళ్లి సువర్చలను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నడవలో ఒక స్టూలు వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నన్ను తెరిచింది.

"లిఫ్టు ఎవరండీ?" అని అడిగింది.

"సారే" అన్నాడు ఇస్మాయిల్.

నరహరి నడవలో అటూ ఇటూ చూసి నోటీసు బోర్డు దగ్గర నిలబడ్డాడు. ఇస్మాయిల్ బటన్ నొక్కానన్నాడు. సువర్చల చదివింది. నరహరి చేతులు చాపాడు.

"మా షబానా ఎక్కింది. కిందికి నొక్కింది."

సువర్చల చదివింది. నరహరి చేతులు దగ్గరికి తెచ్చి నడిచాడు. మీటింగు గది దాటాడు. స్టోరు తలుపు ఇంకా రాలేదు.

"కరెంట్ వొయింది."

"'కదులుతోంది' నుంచి 'మధ్యలో ఆగింది'కి, కరెంటు పోతే" అని చదివింది సువర్చల. నరహరి ఆగాడు.

"కరెంట్ వచ్చింది."

సువర్చల నన్ను పైకి జరిపింది, కిందికి జరిపింది. ఏమీ చదవలేదు.

"కరెంట్ వచ్చింది మేడం."

"విన్నానండి. వెతుకుతున్నా."

క్యాంటీను నుంచి టీ గ్లాసులతో వచ్చినవాళ్లు నరహరిని తప్పుకుని గోడ పక్కనుంచి వెళ్లారు. కోదండపాణి కూడా గ్లాసుతో వచ్చాడు. ఆయన తప్పుకోలేదు.

"ఏం నరహరీ, దావకు అడ్డంగా నిలబడుకున్నావు?"

"నేనిప్పుడు లిఫ్టునండి. లైను చదివేదాకా కదలకూడదు."

"ఎంతసేపప్పా?"

ఇస్మాయిల్ అన్నాడు: "నా బిడ్డ లోపల్నే ఉన్నది సార్."

కోదండపాణి గ్లాసు కిటికీలో పెట్టాడు. నరహరికి అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

"మేడమ్, ఆ లైను ఉందండి. ముందు గుర్తు ఉంటుంది చూడండి. బొమ్మలో అడ్డం వస్తోందని నేనే పెట్టాను."

సువర్చల చూసింది. "ఉంది. 'మధ్యలో ఆగింది' నుంచి 'దగ్గరి అంతస్తుకు నెమ్మదిగా'కి, కరెంటు వస్తే. కానీ గుర్తు ఉన్నదాన్ని పెట్టె చదవదు కదండీ. ఇది మీకు చెప్పాను అంతే. లిఫ్టుకు చదవలేదు."

నరహరికి స్టోరు తలుపు నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఎటు వెళ్లాలో తెలుసు. వెళ్లలేదు.

"నేనిప్పుడు మనిషిగా రావొచ్చా అండీ?" అని అడిగాడు.

"రండి."

వచ్చి, వంగి, ఆ గుర్తును చెరిపేశాడు. నన్ను సేవ్ చేశాడు. తిరిగి వెళ్లి అదే చోట, అదే వైపు తిరిగి నిలబడ్డాడు. ఇస్మాయిల్ మళ్లీ కరెంటు వచ్చిందన్నాడు. సువర్చల ఆ లైను చదివింది. నరహరి నెమ్మదిగా నడిచి స్టోరు తలుపు దగ్గర ఆగి చేతులు చాపాడు.

"దిగింది" అన్నాడు ఇస్మాయిల్.

"మరి బొమ్మ?" అన్నాడు కోదండపాణి.

"మళ్లీ అడ్డంగా వస్తుందండి" అన్నాడు నరహరి.

"రానీ."

ప్రోగ్రామును మళ్లీ తయారుచేశారు. బొమ్మను మళ్లీ అచ్చు వేయించారు, అడ్డబాణంతో. ఇస్మాయిల్ రెండూ తీసుకుని వెళ్లాడు. నడవలో ఆట మళ్లీ మొదలైంది. ఆట నడుస్తున్నంతసేపు టీ తాగేవాళ్లు పెరటి వైపు నుంచి వెళ్లాలని కోదండపాణి నోటీసు పెట్టించాడు.

ఫిబ్రవరిలో ఇస్మాయిల్ ఏదో సామాను కోసం ఆఫీసుకు వచ్చాడు. నరహరి స్క్రీను మీద నేను తెరిచి ఉన్నాను.

"మొన్న షబానాను ఇంటికి తీస్కవోతుంటె, లిఫ్టు నడిమిట్ల ఉండంగనే కరెంట్ వొయింది" అన్నాడు.

నరహరి మౌసు మీంచి చెయ్యి తీశాడు. "తర్వాతండీ?"

"తర్వాత ఏమున్నది. కరెంట్ వచ్చింది. మెల్లగ దిగింది, తలుపు తెరుసుకున్నది. నా మనుమరాలు నిద్ర గూడ లేవలే."

నరహరి ఆ లైను దాకా నన్ను కిందికి జరిపి చూసుకుని మూసేశాడు.

2023లో కంపెనీ కొత్త రకం పెట్టెకు మారింది. దాని కోసం నా లైన్లను కాపీ చేసి కొత్త ఫైలు తయారుచేశారు. నన్ను 'పాతవి' అనే ఫోల్డరులో ఉంచారు. నాలో చివరిసారి జరిగిన మార్పు నరహరి చేసినది. ఒక గుర్తు తీసివేత.