చలికి చావనిది

ఒంటి మీద రెండు స్వెట్టర్లు, తలకు మఫ్లరు, కాళ్ళకు రబ్బరు బూట్లు. బయట మే నెల ఎండ రాయ్‌పూర్‌ను మాడ్చేస్తుంటే, బీర్‌గావ్‌లోని డెయిరీ చల్లగదిలో సుభద్ర వంగి తూము పక్కన నేల రుద్దుతోంది. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి, పిడికిలి పూర్తిగా మూసుకోదు. భర్త కోటయ్య చనిపోయిన ఏడాది నుంచీ ఇదే పని. అయినా ఆ గదంటే ఆమెకు గౌరవం. ఈగ వాలదు, వాసన రాదు, ఏదీ కుళ్ళదు. అందుకే ఇంట్లో అన్నిటికన్నా ఫ్రిజ్‌నే ఎక్కువ శ్రద్ధగా తుడుస్తుంది.

డెయిరీలో పనివాళ్ళకిచ్చే పనీరు అంచుముక్కలు తెచ్చి అందులోనే దాస్తుంది. ఆరో నెల కడుపుతో ఉన్న కోడలు లహరికి వంట వాసన పడదు. ఆ ముక్కల మీద ఉప్పు, మిరియాలపొడి చల్లుకుని చల్లగా తినేది. ఏదో ఒకటి లోపలికి వెళ్తోంది కదా అని సుభద్ర సంబరపడేది. కొద్దిరోజులుగా కోడలికి జ్వరం. ఎండదెబ్బ అనుకున్నారు.

మధ్యాహ్నం కొడుకు ఉమేష్ ఫోన్ చేశాడు.

"అమ్మా, లహరి లెగలేకపోతంది. హాస్పిటల్‌కి తెచ్చీసినాను. జల్దీ రా."

స్వెట్టర్లు విప్పకుండానే ఆటో ఎక్కింది.

ఆమె చేరేసరికే కడుపులో బిడ్డ గుండె ఆగిపోయింది. లహరి పిలిచినా పలకడం లేదు. ఈమధ్య చల్లవి, ఉడకనివి ఏమైనా తిందా అని డాక్టరమ్మ హిందీలో అడిగింది. ఉమేష్ తల అడ్డంగా ఊపాడు. సుభద్రకు పనీరు గుర్తొచ్చింది. చెప్తే రేపటినుంచి కొడుకు మొహం ఎలా చూడాలి?

"పనీర్ ఖాతీ థీ, మేడమ్," అంది. ఆపైన కొడుకు వైపు తిరిగింది. "నానే తెచ్చి ఎట్టినాను నాయనా. ఫ్రిజ్‌లోనే ఉంచినాను. బయటెట్టనేదు."

ఉమేష్ గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు.

డాక్టరమ్మ వెంటనే మందు మార్చింది. తర్వాత తీరిక దొరికినప్పుడు నెమ్మదిగా చెప్పింది. కొన్ని క్రిములు చలికి చావవట. మిగతావి ముడుచుకుని పడి ఉంటే అవి మాత్రం ఫ్రిజ్‌లోనూ మెల్లగా పెరుగుతాయట. రుచి మారదు, వాసన రాదు. బాగా ఉడికిస్తేనే చస్తాయట.

సుభద్ర తన చేతులు చూసుకుంది. ఇన్నేళ్ళూ ఆ చలిలో బతుకుతున్నది తానొక్కతే అనుకుంటూ వచ్చింది.

పొద్దు వాలాక లహరి కళ్ళు తెరిచింది. ప్రాణభయం లేదన్నారు. ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుని తడుముకుంది. ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

"స్వెట్టరు తియ్యనేదేటి అత్తా? ఉడికిపోతావు," అంది చివరికి.

సుభద్రకు అప్పుడు ఏడుపొచ్చింది.

కోడలికి బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళింది. కిటికీ పక్క మంచం మీద, వదులు చేసుకుందామని ఒక పక్క కుట్టు విప్పిన లహరి జాకెట్టు పడి ఉంది, సూది దానికే గుచ్చి.