గిన్నె మీద పేరు

"మా ఇంట్లో డస్ట్‌బిన్ అక్కర్లేదు అజీజ్ భాయ్, మా ఆవిడ ఉందిగా."

ఈ మాట మా ఆయన ప్రసాదరావు అన్నది చిరాగ్‌పల్లిలో, అజీజ్ గారి కొత్తింటి దావత్‌లో. వాళ్ళిద్దరూ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఒకే సెక్షన్. ఆ సమయానికి నేను చేస్తున్న నేరం ఏమిటంటే, మా వాడు మణికంఠ రెండు చెంచాలు తిని వదిలేసిన డబల్ కా మీఠా ప్లేటు వాడి చేతిలోంచి తీసుకుని, నిలబడే, పక్కావిడతో మాట్లాడుతూనే ఖాళీ చేస్తున్నాను. చెంచా నా నోట్లో ఉంది. మగవాళ్ళంతా నవ్వారు. అజీజ్ గారి భార్య సబ్రీన్ మాత్రం నవ్వలేదు. నా మొహం చూడలేక ఎవరికో నీళ్ళిచ్చే వంకతో లోపలికి వెళ్ళిపోయింది. ఆ నవ్వులకంటే ఆమె అలా తప్పుకోవడమే నన్ను ఎక్కువ కోసింది. ఇంకా సిగ్గుచేటు సంగతి, ఆ ప్లేటు నేను అప్పుడైనా కింద పెట్టలేదు. మిగిలిన ముక్క కూడా తినేసే పెట్టాను. పారేయడం నా చేతికి రాదు.

ఇంటికొచ్చి ఏడవలేదు. ఏడుపు నాకంతగా చేతకాదు. పగ చేతనవుతుంది. అది నాలుగు పూటలు నానితేగానీ పైకి తేలదు, అంతే.

అసలు ఆయనన్నదాంట్లో అబద్ధం లేదు, అదీ నా మంట. పిల్లలు టిఫిన్ బాక్సుల్లో వెనక్కి తెచ్చిన ఇడ్లీ ముక్కలు, మా ఆయన ఉప్పెక్కువైందని పక్కకు నెట్టిన కూర, మా అత్తగారు కనకదుర్గమ్మ ఈ పూట అరగదని మానేసిన అన్నం, ఆదివారం చేసిన పులిహోర బుధవారం దాకా, అన్నీ నా కంచంలోకే. పెళ్ళయి కృష్ణా జిల్లా నుంచి ఈ జహీరాబాద్ వచ్చిన కొత్తలో అత్తయ్య నాకు చెప్పిన మొదటి పాఠం, ఇల్లాలు ఆఖరున తినాలి, ఏం మిగిలిందో చూసుకుని తినాలి అని. మిగిలింది చాలకపోతే మళ్ళీ వండుకోమని మాత్రం చెప్పలేదు. చాలని పూట మజ్జిగ తాగి పడుకున్నాను, ఎక్కువైన పూట మెడదాకా తిన్నాను. నా ఆకలి ఎంతో నాకే తెలియకుండా పోయింది. ఒళ్ళు మాత్రం పెరిగింది. మోకాళ్ళు నొప్పి పుట్టాయి. దవాఖానాలో డాక్టరమ్మ షుగరు వాకిట్లో కూర్చుందమ్మా, లోపలికి రానివ్వకండి అంది. లోపలికి రానివ్వకుండా ఆపాల్సింది ఒక్క షుగరునేనా అని అప్పుడే నవ్వుకున్నాను.

దావత్ అయిన మర్నాటి నుంచి మా ఆయన నా బరువు బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. నేను ఫోన్ తీస్తే చాలు, ఆయన పంపిన వీడియోలే. పరగడుపున జీలకర్ర నీళ్ళు, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రికి గ్లాసుడు ఏదో పచ్చటి కషాయం. ఒకరోజు అన్నం మానేసి నెయ్యీ పనీరూ తినమన్నాడు, ఇంకోరోజు నెయ్యి మానేయమన్నాడు. చివరికి పదహారు గంటలు కడుపు మాడ్చుకునే డైట్ ఒకటి ఆయనే ఖాయం చేశాడు. "నీకు పట్టుదల లేదే. నలుగురిలోకి తీసుకెళ్ళాలంటే నాకు ఎలా ఉంటుందో ఆలోచించావా?" అన్నాడు, నేను వేయించి పెట్టిన మిరపకాయ బజ్జీలో మిరపకాయ తీసి పక్కన పెడుతూ. ఆ తర్వాత ఫ్యాక్టరీ వాళ్ళ ఫ్యామిలీ డేకి పిల్లల్ని మాత్రమే తీసుకెళ్ళాడు. నాకు జ్వరమని చెప్పాడట. నేనా రోజు ఇంట్లో దోమతెరలు ఉతికాను.

ఆ డైట్లన్నీ నేను చేశాను, అన్నీ మూడో రోజుకే పోయాయి. పగలంతా మాడిన దాన్ని, రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు అడుగున ఉన్న ముద్దపప్పు చూస్తే ఏం చేస్తాను? కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు గౌహర్ బేగం దగ్గర మొత్తుకున్నాను. ఆవిడ తమలపాకు నములుతూ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఇగో ఝాన్సీ, గవన్ని పక్కకు పెట్టు. నీకు ఆకలైనప్పుడు, నీ కోసం వండుకొని, వేడివేడిగ ఎప్పుడు దిన్నవ్? జర సోంచాయించు."

సోంచాయించాను. మెట్లెక్కుతూ ఆలోచించాను, బట్టలు ఆరేస్తూ ఆలోచించాను. పుట్టింట్లో తప్ప ఒక్క రోజూ గుర్తుకు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ నేను తిన్నది నా ఆకలి కొద్దీ కాదు, వీళ్ళ ఆకళ్ళు తీరగా మిగిలినంత. దానికి కొవ్వు నాకు పట్టింది, పట్టుదల లేదన్న పేరు కూడా నాకే వచ్చింది.

అప్పుడు నా డైట్ నేనే ఎంచుకున్నాను. ఏ వీడియోలోనూ లేని డైట్ అది. ఆకలేసినప్పుడు, అందరికంటే ముందు, కూర్చుని తింటాను. ఎవరిదీ మిగిలింది ముట్టను. అంతే. రాయికోడ్ నుంచి వచ్చే బస్వమ్మ మా వీధి మొదట్లో పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాలుస్తుంది. రెండు రొట్టెలు, నేను చేసుకున్న ఆకుకూర, గిన్నెడు పెరుగు. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడండి. మొదటి రోజు ఒంటిగంటకు నేను కంచం ముందు పెట్టుకుని కూర్చుంటే మా అత్తయ్య వచ్చి, ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగింది. బాగాలేకపోతేనే ఆడది ముందు తింటుంది ఆ ఇంట్లో. బాగానే ఉన్నాను అత్తయ్యా, ఆకలేసింది అన్నాను.

నిలబెట్టుకోవడం కష్టం కాలేదంటే అబద్ధమే. రొట్టె తిని లేచాక కూడా చెయ్యి దానంతటదే గిన్నె అడుక్కి వెళ్ళేది. మణికంఠ కంచంలో వదిలేసిన గుడ్డు పచ్చసొన నన్ను పేరు పెట్టి పిలిచేది. అప్పుడల్లా చెంచా నోట్లో పెట్టుకుని నిలబడ్డ నన్ను, ఆ నవ్వుల్ని గుర్తు తెచ్చుకునేదాన్ని. జీలకర్ర నీళ్ళు చేయని పని ఆ నవ్వులు చేశాయి. మెల్లిగా మోకాళ్ళు శాంతించాయి. బీరువా అడుగున పడేసిన చుడీదార్ ఊపిరి బిగబట్టకుండానే పట్టింది. అద్దంలో చూసుకుని పొంగిపోయాను. మిగిలిందంతా ఎటు పోతోందని ఆలోచించలేదు. ఫ్రిజ్‌లో కనిపించకపోతే అత్తయ్య ఆవులకు పెడుతోంది కాబోలు అనుకున్నాను.

ఒక సాయంత్రం మేడ మీద నుంచి ఎండుమిరపకాయలు తీసుకుని దిగుతుంటే వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది.

"మీ అమ్మ తినదుట, మహారాణి అయిపోయింది. అన్నం పారేస్తే కళ్ళు పోతాయి. తమ్ముడు ఏం విషం పెట్టాడు అందులో? ఆడపిల్లవి, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాలి."

తొమ్మిదో క్లాసు చదువుతున్న నా కూతురు ప్రత్యూష సింకు పక్కన నిలబడి మణికంఠ కంచంలోని పెరుగన్నం తింటోంది. వాడి వేళ్ళ గుర్తులు ఆ ముద్ద మీద ఇంకా ఉన్నాయి. ఎడం చేత్తో కుళాయి తిప్పి, కుడిచేత్తో గబగబా మింగుతోంది. అచ్చం నాలాగే. నన్ను చూసి, అయిపోయిందమ్మా, కంచం కడిగేస్తా అంది.

నేను తగ్గిన బరువంతా ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. మిరపకాయల చాట కింద పెట్టి దాని చేతిలోంచి కంచం లాక్కున్నాను. నాకా క్షణాన మా ఆయన మీద, అత్తయ్య మీద, పదేళ్ళ మణికంఠ మీద కూడా ఎంత కోపం వచ్చిందంటే, ఆ కంచం ఎవరి నెత్తిన పడేసేదాన్నో నాకే తెలియదు. పడేయలేదు. బోర్లిద్దామని చూస్తే కంచం అంచున చెక్కి ఉన్న పేరు కంటబడింది. ప్రసాదరావు.

మా పెళ్ళికి మా నాన్న సామాను కొన్నప్పుడు బెజవాడ బజార్లో పగలంతా కూర్చుని ప్రతి గిన్నె మీదా పేరు చెక్కించాడు. అల్లుడి పేరు. చెంచా మొదలు గంగాళం దాకా, చివరికి ఆయన ఏనాడూ ముట్టుకోని అట్లకాడ మీద కూడా ఆయన పేరే. తర్వాత ఈ ఊళ్ళో కొన్నవాటి మీద మణికంఠ పేరు. నా పేరుగానీ ప్రత్యూష పేరుగానీ ఉన్న గిన్నె ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. సరే అనుకున్నాను. మీ గిన్నెలు మీరే ఏలుకోండి.

మర్నాడు బస్టాండు దగ్గర గుండయ్య స్టీలు కొట్టుకు వెళ్ళి రెండు కంచాలు తీసుకున్నాను. గుండయ్య మిషన్ చేతిలోకి తీసుకుంటూ సారు పేరే కదమ్మా అన్నాడు. కాదు, ఒకదాని మీద ఝాన్సీ, ఒకదాని మీద ప్రత్యూష అన్నాను.

"ఇంటిపేరు గూడ కొట్టాల్నా?"

"వద్దు. ఊరికే పేరు."

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. ఎవరి కంచంలో ఏది మిగిలితే అది వాళ్ళ పేరున్న డబ్బాలోకి వెళ్ళి ఫ్రిజ్‌లో కూర్చుంటుంది. పేరు చెక్కి లేనివాళ్ళకు డబ్బా మీద కాగితం అంటించాను. మర్నాడు ముందు ఆ డబ్బా, తర్వాతే వేడిది. అత్తయ్య వదిలింది అత్తయ్యకు, పిల్లలది పిల్లలకు. మా ఆయన వదిలిన వంకాయ కూర పొద్దున్నే ఆయన క్యారియర్ పై గిన్నెలో కట్టాను. సాయంత్రం ఇంటికొస్తూనే క్యారియర్ బల్ల మీద కొట్టాడు.

"నిన్నటి కూర పెడతావా నాకు? క్యాంటీన్‌లో అందరూ చూశారు."

"మగవాడికి చద్ది పెట్టడం ఎక్కడైనా ఉందా?" అని అత్తయ్య అందుకుంది.

"గిన్నె మీద ఆయన పేరుంది అత్తయ్యా. మా నాన్న చెక్కించి మరీ ఇచ్చాడు. ఆయన గిన్నెలోది ఆయన ఉండగా ఇంకొకళ్ళు తింటే ఏం బావుంటుంది?"

ఆయన తినకుండా తెచ్చిన ఆ కూర గిన్నె పట్టుకుని చెత్తబుట్ట వైపు నడిచాడు. నాకు ఒక్క మాటైనా అనాల్సిన అవసరం రాలేదు. "ఒరేయ్, అన్నం పారేస్తావురా! కళ్ళు పోతాయి!" అని అత్తయ్యే అరిచింది. కొడుకు ఆగిపోయాడు. ఆవిడా ఆగిపోయింది, తను ఏమన్నదో తనకే వినబడినట్టుంది. నా ప్రాణానికి ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. పాపమేమీ అనిపించలేదు.

మణికంఠ వారంలో దారికొచ్చాడు. కావలసినంతే వడ్డించుకోవడం నేర్చుకున్నాడు, చిన్నవాడు కదా. మా ఆయన నేర్చుకోలేదు. కంచం నిండా వేయించుకుని, వంకలు పెట్టి, సగం వదలడం ఆయన దర్జా. ఆ దర్జా పొద్దున్నే డబ్బాలో ఎదురయ్యేది. వాళ్ళమ్మ చూస్తుండగా పారేయలేడు, వేడిది వదులుకోలేడు, రెండూ తినేవాడు. నా చుడీదార్ వదులైన కొద్దీ ఆయన పొట్ట బెల్టు రంధ్రాలు దాటింది. ప్యాంటు గుండీ కుట్టమని నాకే ఇచ్చేవాడు. గట్టిగా కుట్టి ఇచ్చేదాన్ని.

నేను సన్నబడ్డానని వీధిలో వాళ్ళు అనడం మొదలయ్యాక ఆయనకు హుషారొచ్చింది. అజీజ్ వాళ్ళను భోజనానికి పిలుద్దాం, మన బాకీ ఉండిపోయింది అన్నాడు. నన్ను చూపించాలని సరదా. జ్వరం తగ్గిందన్నమాట నాకు. సరే పిలవండి అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. నాటుకోడి కూర, గారెలు, గోంగూర, జొన్నరొట్టెలు చేశాను. ఆ రోజు కూడా నేను ముందే తినేశాను, ఆకలేసింది మరి. అందరూ కూర్చున్నాక సబ్రీన్ నన్ను తేరిపార చూసి, "భాభీ, మస్తు తగ్గిన్రు. ఏం తింటున్నరు? జర మాకు గూడ చెప్పున్రి" అంది. నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు.

"అంతా నా చలవే. ఆ రోజు మీ ఇంట్లో నేనా మాట అనకపోతే తగ్గేదా? ఆడవాళ్ళకు కాస్త పౌరుషం వచ్చేలా అనాలండీ, అప్పుడుగానీ కదలరు."

నా సిగ్గూ, నా ఆకలీ, నా కూతురు సింకు పక్కన మింగిన ముద్దలూ, అన్నీ ఆయన ఖాతాలోకే. ఫ్రిజ్ తీశాను. ముందు రోజు రాత్రి ఆయన జిగురుగా ఉందని వదిలేసిన బెండకాయ కూర, రెండు ముద్దల అన్నం ఉన్న డబ్బా తెచ్చి, అతిథులందరి ముందూ ఆయన కంచం పక్కన పెట్టి మూత తీశాను. పేరు ఆయన వైపు తిప్పి పెట్టాను.

"ఆయన చెప్పింది నిజమే సబ్రీన్. మా ఇంట్లో డస్ట్‌బిన్ అక్కర్లేదు, దానికో మనిషి ఉందన్నారు. ఇప్పటికీ ఉంది. మనిషి మారారు, అంతే."

అజీజ్ గారు గారె కొరకడం ఆపి మా ఆయన పొట్ట వైపు చూసి, గబుక్కున చూపు తిప్పుకున్నారు. ఈసారి సబ్రీన్ నీళ్ళకోసం లేవలేదు. నవ్వింది, దాచుకోకుండా నవ్వింది. ప్రత్యూష తన పేరున్న కంచంలో వేడి రొట్టె తుంచుకుంటూ తల దించుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. మా ఆయన డబ్బాలో చెయ్యి పెట్టాడు.

వాళ్ళ కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, వంటింట్లోకి వచ్చాడు. మొహం జేవురించి ఉంది.

"నలుగురిలో నా పరువు తీశావు కదే."

"మొత్తం పోయి ఉండదు లెండి, కాస్తయినా మిగిలే ఉంటుంది" అన్నాను చేతులు తుడుచుకుంటూ. "డబ్బాలో వేసి మూత పెట్టండి. పొద్దున్నే మీ క్యారియర్‌లో కడతాను."