నొప్పి నిజమన్న మనిషి

మహేశ్వరి మంచిర్యాల డిపోలో కండక్టర్. కరీంనగర్ రూట్లో ఎక్కడ ఆపితే శుభ్రమైన బాత్రూం దొరుకుతుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అది ఉద్యోగం నేర్పిన విద్య కాదు, పదకొండేళ్ల కూతురు నిఖిత నేర్పింది.

రెండేళ్లుగా ఆ పిల్లకు కడుపునొప్పి. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు వచ్చేది, వెంటనే బాత్రూంకు పరుగెత్తాలి. బడికి తయారయ్యేలోపే నాలుగుసార్లు వెళ్లొచ్చేది. క్లాసులో అడగడానికి సిగ్గేసి నీళ్లు తాగడం మానేసింది. టిఫిన్ డబ్బా నిండుగానే ఇంటికి తిరిగొచ్చేది. తండ్రి కొండల్ బొగ్గు బావిలో పని చేస్తాడు. మొదట దగ్గర్లోని దవాఖానలో చూపించారు, తర్వాత కరీంనగర్‌లో పిల్లల డాక్టర్‌కు చూపించారు. రక్తపరీక్షలు, స్కానింగ్, చివరికి గొట్టం వేసి కూడా చూశారు. అన్నీ నార్మల్.

ఆ మాటకు సంతోషించాల్సింది పోయి ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. అన్నీ బాగుంటే మరి నొప్పి ఎక్కడిది?

అక్టోబర్‌లో పరీక్షల మొదటి రోజు నిఖిత ఎంతకీ బాత్రూంలోంచి బయటికి రాలేదు. మహేశ్వరికి డ్యూటీ టైమైపోతోంది. పిల్ల తలుపు తీయగానే చెంప మీద ఒక్కటి వేసింది.

"పరీక్ష అనంగనే నొప్పి వస్తదా? నాటకాలు చేస్తున్నవా?"

"నాటకం కాదవ్వా. నిజంగనే నొస్తుంది."

పిల్ల ఏడవలేదు. బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. ఆ రోజు మహేశ్వరి రెండుసార్లు చిల్లర తప్పిచ్చింది.

తర్వాతి నెల కరీంనగర్‌లో చూపించుకోవడానికి వెళ్తే పిల్లల డాక్టర్, "ఇక మందులు పెంచి లాభం లేదు. ఇక్కడనే మంజుల మేడంకు చూపించండి. ఇట్లాంటి పిల్లలకు హిప్నోథెరపీ చేస్తది, చానా మందికి తగ్గింది" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే కొండల్ ఒప్పుకోలేదు. "గడియారం ఊపి నిద్రపుచ్చుడేనా? గది సినిమాలల్ల చూసినం. నా బిడ్డను ఎవరో ఆడిస్తే ఆడుతదా?"

మహేశ్వరికీ భయంగానే ఉంది. అయినా వీక్లీ ఆఫ్ రోజు పిల్లను తీసుకుని వెళ్లింది.

మంజులకు యాభై ఏళ్లుంటాయి. తల్లితో మాట్లాడకుండా ముందు పిల్ల ఎదురుగా కూర్చుంది. నొప్పి ఎక్కడ మొదలవుతుంది, ఎట్లా ఉంటుంది, వచ్చినప్పుడు భయమేస్తుందా అని ఒక్కొక్కటే అడిగి, ఓపిగ్గా విన్నది. తర్వాత అన్నది:

"నీ నొప్పి నిజమే బిడ్డా. పరీక్షలల్ల దొరకలేదంటే నొప్పి లేదని కాదు. కడుపుకు, మెదడుకు ఎప్పుడూ మాటలు నడుస్తుంటయ్. నీకు గా మాటలు జర గట్టిగ వినవడుతున్నయ్. వాటిని తగ్గించుడు నేర్చుకుందాం."

నిఖిత తల తిప్పి తల్లి వైపు చూసింది. మహేశ్వరి తల దించుకుంది.

"నన్ను నిద్రపుచ్చుతరా మేడం?" అని పిల్ల అడిగింది.

"లేదు. అన్నీ నీకు తెలుస్తనే ఉంటయ్. వద్దనిపిస్తే కండ్లు తెరువు, అంతే. ఇగ చెప్పు, నీకు మంచిగనిపించే జాగ ఏది?"

"మా తాత పసుపు చేను. తాత నీళ్లు కడుతుంటే గట్టు మీద కూసుంట. నీళ్లు జోరుగొస్తే తాత పారతోని మన్నేస్తడు. ఆగితే తీస్తడు."

మంజుల మొహం వెలిగింది. పిల్లను కళ్లు మూసుకోమని, అరచేయి పొట్ట మీద పెట్టుకోమంది. మెల్లగా, విరామాలిస్తూ ఆ చేనులోకి తీసుకెళ్లింది. మట్టి వాసన, కాలువలో చల్లటి నీళ్లు, అరచేతి వెచ్చదనం. "ఇయ్యాల పార నీ చేతుల ఉన్నది. నీళ్లు ఎంత పారాల్నో నువ్వే చూసుకో" అంది. చూస్తుండగానే పిల్ల బిగిసిన భుజాలు కిందికి దిగడం మహేశ్వరి గమనించింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో మహేశ్వరి నోరు విప్పింది. "గారోజు కొట్టిన బిడ్డా. తప్పు నాదే."

"నాకు యాదికే లేదవ్వా" అంది నిఖిత. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మంజుల తన మాటలను ఫోన్‌లో రికార్డు చేసి ఇచ్చింది. బడి నుంచి రాగానే నిఖిత రోజూ పడుకుని వినేది. రెండు వారాలు ఏ మార్పూ లేదు. మూడో వారం నొప్పి ఇంకా ఎక్కువే వచ్చింది. "నేను చెప్పలే?" అన్నాడు కొండల్. కానీ ఒక సాయంత్రం షిఫ్టు దిగొచ్చి, అసలు అందులో ఏముందో విందామని పిల్ల పక్కన వాలాడు. ఐదు నిమిషాల్లో గురక. నిఖిత పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత పిల్ల వింటున్న వేళ పక్కింటి వాళ్ల టీవీ సౌండు తగ్గించమని అడిగొచ్చే పని కొండల్‌దే అయింది.

నాలుగోసారి కరీంనగర్ వెళ్లినప్పుడు, బస్టాండులో దిగాక గాని మహేశ్వరికి తట్టలేదు. దారిలో పెద్దపల్లిలో పిల్ల బాత్రూం కోసం బస్సు ఆపమని అడగనే లేదు. ఫిబ్రవరికల్లా ఆరుసార్లు వెళ్లడం పూర్తయింది. టిఫిన్ డబ్బా ఖాళీగా ఇంటికి రావడం మొదలైంది.

మళ్లీ డిసెంబర్ వచ్చింది. ఒక మధ్యాహ్నం కరీంనగర్‌లో కిక్కిరిసిన బస్సులోకి మంజుల ఎక్కింది. మంచిర్యాలలో బంధువుల పెళ్లికట. ఖాకీ చొక్కాలో ఉన్న మహేశ్వరిని ముందు గుర్తుపట్టలేదు.

"మేడం, నేను నిఖిత వాళ్ల అవ్వను."

"అయ్యో, నువ్వా! పిల్ల ఎట్లున్నది?"

"మంచిగున్నది. ఎప్పుడన్న పరీక్షలప్పుడు నొస్తది, గప్పుడు తనే చూసుకుంటది. ఇయ్యాల బడోళ్లతోని వేములవాడ పోయింది మేడం, బస్సుల!" మహేశ్వరి టికెట్ల మిషన్ పక్కకు జరిపి ఆమె దగ్గరికి ఒంగింది. "గంత మందికి చూపెట్టినం. నొస్తుందంటే నమ్మింది మీరొక్కరే. కన్నదాన్ని, నేనే నమ్మకపోతిని."

"కష్టపడ్డది గా పిల్ల. గంత దూరం నుంచి తోలుకొచ్చింది నువ్వు" అంది మంజుల, ఆమె చెయ్యి పట్టుకుని.

మహేశ్వరి కళ్లు తుడుచుకుని మిషన్ చేతిలోకి తీసుకుంది. "మీ టికెట్టు నా పైసలతోని కొడుదామంటే, ఆడోళ్లకు సర్కారే ఫ్రీ చేసె" అని జీరో టికెట్ చించి ఇచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాత తన సీటు మీది బ్యాగు తీసి, వద్దంటున్నా వినకుండా మంజులను అందులో కూర్చోబెట్టింది. పెద్దపల్లిలో సగం బస్సు ఖాళీ అయింది. "ఇగనన్న కూసో" అని మంజుల రెండుసార్లు పిలిచింది. మహేశ్వరి మాత్రం మంచిర్యాల దాకా ఆమె పక్కనే నిలబడి, పిల్ల కబుర్లు చెబుతూనే ఉంది.