మామూలుకు ఇరవై రెండు తక్కువ

మామూలు కంటే ఎక్కువే తీసుకుంటాడట!

సీతారావమ్మ చెప్పింది. పక్కింటి సీతారావమ్మకు నందిగామలో ఉన్న తోడికోడలు చెప్పింది. తోడికోడలికి వాళ్ళ వీధిలో చల్ల అమ్మే మనిషి చెప్పింది. మూడు నోళ్ళు దాటి జగ్గయ్యపేట చేరేసరికి ఆ మాట, రోహిణి ఎండలో పరిచిన మిరపకాయలా చిటపటలాడుతూ ఉంది.

"రోజూ ఆఫీసు ఆవరణలో ఓ తెల్లపెట్టె తలుపు తీస్తాడటే అమ్మాయ్! లోపలికి తొంగి చూసుకుంటాడట. 'మామూలుకు ఆరు ఎక్కువ' అని పైకే అనేస్తాడట, సిగ్గా ఎగ్గా! తక్కువొచ్చినా సంబరమేనట. ఎంతొచ్చినా కళ్ళకద్దుకునే రకం కామోసు..."

తొడిమలు తీస్తున్న పుష్పవతి చెయ్యి ఆగింది.

అతనే. కుటుంబరావు. రేపు తనను చూడ్డానికి రాబోయేవాడు.

ఇంటి కొట్టు తమ్ముడికి వదిలేసి నందిగామలో సర్కారు కొలువులో చేరాడట. ఏం కొలువో ఎవరికీ సరిగ్గా తెలియదు. గాలికీ వానకీ సంబంధించిందేదో అన్నాడు, సంబంధం తెచ్చిన పుల్లయ్య. గాలికి గుమాస్తా ఏమిటని ఎవరూ అడగలేదు. సర్కారు కదా — దేనికైనా గుమాస్తా ఉంటాడు.

తండ్రి చెన్నకేశవరావు మాత్రం ఆ కబురు విని మీసం చాటున నవ్వుకున్నాడు. జీతం చిన్నదైతేనేం!

మామూలు...

ఆ మాట పుష్పవతికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తెలుసు. నాన్న మిరపకాయల కొట్టు మెట్లెక్కే ప్రతి బంట్రోతు జేబులోకీ జారే మాట అది. సరుకుల మీద సర్కారు కంట్రోళ్ళు వచ్చాక మరీనూ. ఇచ్చినంతసేపూ నాన్న పెదవి మీద పంచదార. ఇచ్చిన పూట నాన్నకు అన్నం సయించదు. పప్పులో ఉప్పెక్కువైందని కంచం గిరాటు. ఎవడో తిన్న మామూలు... అరగక బాధపడేది అమ్మ.

ఇచ్చే ఇంట పుట్టాను. అది నా చేతిలో లేదు.

తీసుకునే ఇంట మెట్టను. అది నా చేతిలో ఉంది.

"నేను రేపు వాళ్ళ ముందుకు రాను నాన్నా."

"రాకేం చేస్తావే! ఎండకి మతి పోయింది నీకు. మజ్జిగ తాగి పడుకో."

ఎండ. నిజమే, ఎండ. రోళ్ళు పగిలే ఎండ. పేట పేటంతా ఒక్క తుమ్ములా ఉంది — మిరపఘాటు, వేడిగాలి, మళ్ళీ మిరపఘాటు. సరిహద్దు గొడవలు సద్దుమణిగి, నైజాం నుంచి వచ్చి తలదాచుకున్నవాళ్ళు ఇళ్ళకు మళ్ళాక కాస్త ఊపిరి పీల్చుకుందామంటే, పీల్చడానికి ఈ నిప్పే మిగిలింది.

ఆ రాత్రి గాలి తిరిగింది.

తెల్లవారింది. అయినా తెల్లవారనట్టే ఉంది. సముద్రంలో ఎక్కడో వాయుగుండమట. జల్లు. సన్నగా, తెరిపి లేకుండా. పాలేటి వైపు ఆకాశం కిందికి దిగి కూచుంది. నిన్న విసనకర్రలు విరిగేలా విసురుకున్నవాళ్ళు ఇవాళ చేతులు చంకల్లో దూర్చుకున్నారు. రోహిణి కార్తెలో రగ్గులు! వీధి పొడుగునా కలరా ఉండల వాసన. మజ్జిగ సిద్ధం చేసుకున్న ఇల్లు కాఫీకి నీళ్ళు పడేసింది.

బొగ్గుతో నడిచే బస్సు దగ్గుకుంటూ వచ్చింది. తల్లిని వెంటబెట్టుకుని కుటుంబరావు దిగాడు.

రానన్న పుష్పవతి వచ్చింది. చూపించుకోడానికి కాదు. అడగడానికి.

అతను ఆమెను చూడటం లేదు. కిటికీలోంచి ఆకాశాన్ని చూస్తున్నాడు — తప్పిపోయిన దూడను వెతుక్కుంటున్నవాడిలా.

"మీరు మామూలు తీసుకుంటారటగా?"

పుల్లయ్య నోట్లో బజ్జీ నోట్లోనే ఉంది.

అతను ఉలిక్కిపడలేదు. మొహం విప్పారింది. ఆ సంగతి ఒకరు నోరు తెరిచి అడగడం అతనికి ఇదే మొదలేమో!

"తీసుకోవడం అంటే... మామూలెంతో పైవాళ్ళే చెప్తారండి. ఒక్కో రోజుకి ఒక్కోటి. నా దగ్గర తేలింది దానికి ఎంత ఎక్కువో ఎంత తక్కువో నేను టెలిగ్రాం కొడతా."

చెన్నకేశవరావు కుర్చీ ముందుకు జరిగింది. పైవాళ్ళకే తంతి కొట్టి తినే అల్లుడు! ఇంత పద్ధతైన తినుబడి పేటలో ఎవడికుంది?

"మరి తక్కువైతే పైవాళ్ళు ఊరుకుంటారా బాబూ?"

"ఏమంటారండి! ఎంతుంటే అంత. ఇవాళ చూడండి, ఇరవై రెండైనా తక్కువుంటుంది. నేను చేరాక ఇంత తక్కువ ఎన్నడూ లేదు. సరిగ్గా ఇవాళే సెలవు పెట్టి వచ్చా..." మళ్ళీ కిటికీ వైపు చూశాడు. "పెట్టె దగ్గర నేను లేను."

"ఇరవై రెండు — ఏమిటి?" అంది పుష్పవతి.

"డిగ్రీలండి."

"డిగ్రీలా!"

"ఎండండి. ఆ పెట్టెలో ఉండేది థర్మామీటరు. ఈ రోజుకి నూట ఆరు మామూలు. ఇవాళ ఎనభై నాలుగు దాటితే ఒట్టు."

జల్లు చప్పుడు గదిలోకి వచ్చింది.

తలుపు చాటున సీతారావమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పుష్పవతికి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆగలేదు. ఎండను తీసుకుంటున్నాడు! చలిని తీసుకుంటున్నాడు! ఆకాశం ఎంతిస్తే అంత — ఎక్కువైతే ఎక్కువని, తక్కువైతే తక్కువని, ఊరంతా వినేలా చెప్పుకుంటున్నాడు... ఈ నవ్వు ఎక్కడుంది ఇన్నాళ్ళూ? నిన్నటి నిప్పు కింద ఈ చల్లదనం ఎక్కడుంది?

ఎందుకు నవ్విందో అతనికి అర్థం కాలేదు. అయినా తనూ నవ్వాడు. "ఒక్క నిమిషమండి" అని వాకిట్లోకి వెళ్ళాడు. అరచెయ్యి చాపి, జల్లులో నిలబడ్డాడు. అలాగే ఉండిపోయాడు.

చెన్నకేశవరావు కూతుర్నీ పుల్లయ్యనీ వెనక వసారాలోకి లాక్కుపోయాడు. కుటుంబరావు తల్లికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఎండ కొలిస్తే ఎవడిస్తాడయ్యా మామూలు!"

"గాలికీ వానకీ అని నేను ముందే చెప్పాగా అన్నగారూ. అబద్ధం ఆడానా?"

"గాలి కబురు చెప్పి గాలికొదిలేశావ్!" కూతురి వైపు తిరిగాడు. "విన్నావుగా? పై రాబడి చుక్క లేదట. నిన్న నువ్వే రానన్నావు. నీ మాటే నెగ్గిందనుకో. ఏం చెప్పి పంపను? ఆ?"

పుష్పవతి నడవలోంచి వాకిలి వైపే చూస్తోంది.

"ఆయన తడుస్తున్నారు. ముందు లోపలికి పిలవండి. మీ బేరం తర్వాత."