తాంబూలంలో వెల్లుల్లి

నేను ఒక రాయిని. మధ్యలో గుంట తవ్వారు కాబట్టి రోలునయ్యాను. అంతకు మించి నా పుట్టుకలో గొప్ప ఏమీ లేదు.

రోడ్డు పక్కన టార్పాలిన్ కింద కూర్చుని ఒక మనిషి నన్ను మూడు రోజులు ఉలితో కొట్టాడు. కొడుతున్నంతసేపూ ఇంకెవరినో తిడుతూనే ఉన్నాడు. ఎవరినో నాకు తెలియదు. దెబ్బలు మాత్రం నాకే తగిలాయి. మనుషుల గురించి నేను నేర్చుకున్న మొదటి సంగతి అదే. కోపం ఒకరి మీద ఉంటుంది, దెబ్బ ఇంకొకరి మీద పడుతుంది.

ఒకరోజు నాసరమ్మ అనే ఆమె మొగుడితో కలిసి వచ్చింది. వరసగా పెట్టిన చిన్న రోళ్లను వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గరపెట్టి విన్నది. నా దగ్గర ఆగింది. "ఇది గట్టిది. మా ఆయన లాగా పైకే మొద్దు," అంది. ఆయన పేరు కోటిలింగం. మారుమాట లేకుండా నన్నెత్తి భుజాన పెట్టుకున్నాడు. లోపల కూడా మొద్దేనేమో అనుకున్నాను.

ఇంటికి చేరాక ఆమె నాలో తవుడు పోసి నూరింది, పారబోసింది, మళ్లీ నూరింది. రాతిపొడి రావడం ఆగేదాకా నాలుగు రోజులు అదే పని. ఐదో రోజున వెల్లుల్లి కారం దంచింది.

నాసరమ్మ చేతిలో వరస తప్పేది కాదు. ముందు వేయించిన ఎండుమిరపకాయలు, జీలకర్ర, రాళ్లుప్పు. అవి నలిగాక కాస్త చింతపండు. అన్నిటికంటే చివర వెల్లుల్లి రెబ్బలు, పొట్టు తీయకుండా. "రెబ్బ చితకాల గానీ చావకూడదు," అనేది. నాలుగు దెబ్బలు వేసేది. ఐదోది వేసేది కాదు.

కోటిలింగం పొద్దున్నే చద్దన్నంలో ఆ కారం కలుపుకుని, పైన రెండు పచ్చి రెబ్బలు కొరుక్కుని పనికి పోయేవాడు. ఆ తిండిలో తప్పు లేదు. చిక్కంతా ఆయన చేసే పనిలో ఉంది. ఆయన గడ్డాలు గీస్తాడు. ఆయన నోటికీ, కుర్చీలో కూర్చున్నవాడి ముక్కుకూ మధ్య జానెడు దూరం ఉండదు. గొంతు మీద కత్తి ఉంటుంది కాబట్టి ఆ మనిషి తప్పుకోవడానికీ లేదు.

"ఒరే కోటిలింగం, గడ్డం తియ్యమన్నాం గానీ ప్రాణం తియ్యమన్లేదురా!" అనేవాళ్లు.

"కదలమాక, తెగుద్ది," అని ఇంకాస్త వంగేవాడు.

బస్టాండులో కొత్త షాపు పెట్టేదాకా ఇదంతా నవ్వులాటగానే సాగింది. అక్కడ గుండ్రంగా తిరిగే కుర్చీ ఉంది. గీసేవాడి బుగ్గలో ఎప్పుడూ యాలక్కాయ ఉంటుంది. ఊళ్లో గడ్డాలు ఒక్కొక్కటే బస్టాండు దారి పట్టాయి. చివరికి కోటిలింగానికి మిగిలింది శేషగిరి మేష్టారు. బడి నుంచి రిటైరైన మనిషి, ప్రతి బుధవారం వస్తాడు. ఆయన ఉన్నాడంటే పోయినవాళ్లు తిరిగొస్తారని ఒక ఆశ. ఒక బుధవారం ఆయన తువ్వాలు దులుపుకుంటూ, "వచ్చే వారం గూడా ఇదే కంపయితే నేనూ బస్టాండుకే పోతా. ఆపైన నీ ఇష్టం," అనేసి వెళ్లాడట.

కోటిలింగం పొయ్యి దగ్గర కూలబడి ఆ మాట చెప్పాడు. "ఆయన గూడా పోతే ఇంక షాపు మూసుకోవటమేనే."

"అయితే ఎల్లుల్లి మానెయ్," అంది నాసరమ్మ.

"నువ్వు దంచటం మానెయ్. నేను తినటం మానేస్తా."

"నేనెందుకు మానాల? నా చేతులకేం రోగం?"

ఆరు రోజులు వైద్యం నడిచింది. వేపపుల్లతో తోమాడు. కొబ్బరి ఈనెతో నాలుక గీశాడు. జామాకు నమిలాడు, సోంపు నమిలాడు, మజ్జిగ పుక్కిలించాడు. ఒక్కొక్కటీ అయ్యాక నాసరమ్మ ముఖం మీద హా అని ఊదేవాడు. ఆమె కళ్లు మూసుకుని తీర్పు చెప్పేది.

"ఎల్లుల్లీ, జామాకూ."

మళ్లీ ఊదేవాడు.

"ఎల్లుల్లీ, సోంపూ."

అన్నిసార్లలో ఒక్కసారీ ఆమె ముఖం తిప్పుకోలేదు. కోటిలింగం ఆ సంగతి గమనించలేదు. నేను గమనించాను.

బుధవారం వచ్చింది. ముందురోజు నుంచీ ఆయన రెబ్బ ముట్టలేదు. ఉప్పూ మజ్జిగా పోసుకుని చద్దన్నం మింగి లేచాడు. నాసరమ్మకు అది చాలదనిపించింది, తాంబూలం కూడా పెడదామనుకుంది. ఆయనకు దవడ పళ్లు ఊడిపోయాయి, వక్క కొరకలేడు. అందుకని ఆకు, వక్క, లవంగం, కాస్త సున్నం నాలో వేసి మెత్తగా నూరి, ముద్ద చేసి ఆయన బుగ్గన పెట్టి పంపింది. పొరపాటు అక్కడే జరిగింది. నేను పదేళ్లుగా వెల్లుల్లి తాగుతున్న రాయిని. ఎంత కడిగినా నా లోపలిది నాలోనే ఉంటుంది. నా దగ్గరున్నదే తాంబూలానికీ ఇచ్చాను.

అరగంటలో కోటిలింగం ఇంటికొచ్చాడు. సగం గడ్డం గీసేసరికి మేష్టారు ముక్కెగరేశాడట. "ఏందిరా ఇది? తాంబూలానికి తాలింపేశావా?" అని, మిగతా సగం నురగతోనే లేచి వెళ్లిపోయాడట.

నాసరమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. మొగుడి ముఖం చూశాక నవ్వడం ఆపింది. నన్ను ముందుకు లాక్కుని కారం దంచింది. వేడన్నం గిన్నెలో పెట్టుకుని, నన్ను చంకనెత్తుకుని నేరుగా మేష్టారింటికి నడిచింది. ఆయన అరుగు మీద ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ మాసి, కోపంగా కూర్చుని ఉన్నాడు.

"తప్పు ఈ రోలుది మేష్టారూ. మా ఆయన ఇయ్యాల ఒక్క రెబ్బ ముట్టలా," అని నన్ను ఆయన ముందు పెట్టింది. రోట్లోనే అన్నం వేసి, నెయ్యి పోసి కలిపింది. "ముందిది తినండి. ఆపైన తిట్టండి."

"తింటే కంపు పోద్దా?"

"పోదు. తిన్నోళ్లకి తిన్నోళ్ల వాసన రాదు."

మేష్టారు ఒక ముద్ద తిన్నాడు. రెండోది తానే అడిగాడు. మూడోదానికి నా గుంట తుడిచి మరీ తిన్నాడు. తరువాత చెప్పులేసుకుని, మిగతా సగం గీయించుకోవడానికి షాపుకు నడిచాడు.

అప్పటి నుంచి బుధవారం పొద్దున నేనూ షాపుకు పోయేదాన్ని. కుర్చీ ఎక్కబోయే ప్రతివాడికీ ముందు నాసరమ్మ చేతి ముద్ద. ముద్ద కోసం మాసీ మాయని గడ్డాలు కూడా వచ్చాయి. బస్టాండు వాడికి యాలక్కాయలు మిగిలాయి.

పదకొండేళ్లు అలా గడిచాయి. తరువాత నాసరమ్మ పోయింది. జ్వరం అన్నారు. మూడు రోజులు.

కోటిలింగం నన్ను పెరట్లో బోర్లించాడు. వెల్లుల్లి ఇంట్లోకి తేలేదు. వానకు నా మీద నాచు పట్టింది, గుంటలో చీమలు కాపురం పెట్టాయి. ఒక సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుంటూ ఒక సంగతి చెప్పాడు. గడ్డం గీయించుకుంటూ ఒకడు, "ఇప్పుడు బాగుంది కోటిలింగం, వాసనే లేదు," అన్నాడట. ఈయన కత్తి తుడిచి పక్కన పెట్టి, "మిగతా సగం బస్టాండులో గీయించుకో పో," అన్నాడట. ఇదంతా నాకే చెప్పాడు. చెప్పడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. అన్నవాడు మంచికే అని ఉంటాడు. అయినా కోటిలింగం వాడిని క్షమించలేదు. నేనూ క్షమించలేదు.

నాలుగు నెలల తరువాత ఒక బుధవారం, శేషగిరి మేష్టారు కర్ర పొడుచుకుంటూ మా పెరట్లోకి వచ్చాడు. కర్రతో నా వీపు మీద తట్టాడు.

"ఒరేయ్, దీన్ని తిరగెయ్."

"దంచేదెవరు మేష్టారూ?"

"నీకు చేతుల్లేవా? నీ ముందు కూర్చుంటే ఎవడో తెలియనోడు గీస్తన్నట్టుంది నాకు."

కోటిలింగం నన్ను తిప్పి, చీమలను దులిపి, నీళ్లు పోసి కడిగాడు. మిరపకాయలు వేయించి తెచ్చాడు. రెబ్బలు లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చాడు. తెచ్చినవాడు వాటినే ముందు వేశాడు. రోకలి పడగానే అవి ఎగిరి పెరడంతా పడ్డాయి. ఏరుకుని మళ్లీ దంచాడు. మిరపకాయలు నలిగేసరికి వెల్లుల్లి జిగురైపోయింది. నాకు నోరుంటే చెప్పేదాన్ని.

మేష్టారు ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమిలాడు.

"ఎల్లుల్లి ముందేశావు గదరా. ఆమె చివర్లో ఏసేది."

"మీరెప్పుడు చూశారు?"

"చూడలా. నా నోటికి తెలుసు."

రెండో ముద్ద కోటిలింగం తిన్నాడు. తినేసి అక్కడే, పెరట్లోనే, మేష్టారి గడ్డానికి నురగ పూశాడు. జానెడు దూరంలోకి వంగాడు. మేష్టారు ముఖం తిప్పుకోలేదు.

ఇప్పుడు నేను షాపులోనే ఉంటున్నాను, పటిక పక్కన. బుధవారం పొద్దున ఆ ఇద్దరికీ ఒకరి వాసన ఒకరికి రాదు. నాకు మాత్రం వస్తుంది. వెల్లుల్లి వాసన, దాని అడుగున ఎప్పుడో ఒక ఉదయం నూరిన తమలపాకు, లవంగం.

కోటిలింగానికి వరస పట్టుబడింది. వెల్లుల్లి చివర్లోనే వేస్తాడు. నాలుగు దెబ్బలు వేస్తాడు. అప్పుడప్పుడూ ఐదోది పడుతుంది, గట్టిగా. అది వెల్లుల్లి మీద కాదని నాకు తెలుసు. రాయిని కదా, ఓర్చుకుంటాను.